మేలుకోని నాస్ పెట్టె: సంగం అభ్యాసికి లేఖ



పెన్నా ఒడ్డున, నెల్లూరు–ముంబయి రహదారి మీదున్న సంగంలో మరమ్మతు విద్య నేర్చుకునే అభ్యాసి చేతికి నాస్ పెట్టె వచ్చినప్పుడు, అది ఏమిటో ముందుగా గ్రహించాలి. హార్డ్‌డిస్కులను తనలో అమర్చుకుని, రౌటరు ద్వారా ఇంట్లోని ఫోన్లకూ కంప్యూటర్లకూ ఫైళ్లను అందించే చిన్న కంప్యూటరే నాస్. పెళ్లి వీడియోలు, పిల్లల ఫొటోలు, పొలం పత్రాల ప్రతులు అందులోనే ఉంటాయి గనుక, బటన్ నొక్కినా దీపం వెలగనప్పుడు యజమాని బెంగ అంతా వాటి గురించే. అయితే పెట్టెకు కరెంటు అందకపోయినంత మాత్రాన డిస్కులు చెడవు. వాటికి ముప్పు ఎక్కువగా ఆ తరువాతి తొందరపాటు వల్లనే వస్తుంది. అందుచేత అభ్యాసి ముందుగా డిస్కులను బయటకు తీసి, ఏది ఏ గదిలో ఉండేదో ప్రతిదాని మీదా అంకె రాసి భద్రపరచాలి. వాటిని వేరే నాస్‌లో పెట్టినప్పుడు, అది కొత్తగా సిద్ధం చేయమంటారా అని అడిగితే అంగీకరించనే కూడదు, ఎందుకంటే ఆ అంగీకారంతో పాత సమాచారం చెరిగిపోతుంది.

తరువాతి పరీక్ష కరెంటు ప్రవహించే దారి వెంటే సాగాలి. నెల్లూరు జిల్లాకు వాన ప్రధానంగా అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. ఆ నెలల్లో కరెంటు పోయి తిరిగి వచ్చే క్షణంలోని వోల్టేజి దెబ్బ ముందుగా తగిలేది అడాప్టర్‌కే. మల్టీమీటరు 12 వోల్టులు చూపినంత మాత్రాన అడాప్టర్ బాగున్నట్లు కాదు, ఎందుకంటే లోపలి కెపాసిటర్లు ఎండిపోయినది భారం లేనప్పుడు నిండు వోల్టేజి చూపి, భారం పడగానే కూలిపోతుంది. 12 వోల్టుల, 21 వాట్ల కారు బల్బును తగిలిస్తే అది సుమారు 1.75 ఆంపియర్లు లాగుతుంది. 5 ఆంపియర్ల అడాప్టర్‌కు ఇది తేలికైన భారమే గనుక, అప్పుడు కూడా వోల్టేజి 11.4 కంటే దిగిపోతే దోషం తేలినట్లే. కొత్తదానిలో వోల్టేజి, పిన్ను ధ్రువత్వం సరిగ్గా అవే ఉండాలి, ఆంపియర్లు మాత్రం ఎక్కువైనా ఫరవాలేదు. సరఫరా విభాగం పెట్టె లోపలే ఉంటే, 230 వోల్టుల కరెంటును డీసీగా మార్చిన చోట పెద్ద కెపాసిటరులో సుమారు 325 వోల్టులు నిలుస్తాయి, ప్లగ్గు తీశాక కూడా కొంతసేపు ఉంటాయి; గురువు పక్కన లేకుండా దాని మూత తెరవరాదు.

అడాప్టర్ మంచిదైతే డిస్కులు లేకుండానే పెట్టెను ఆన్ చేయాలి. అప్పుడు మేలుకుంటే, ఏదో డిస్కు బోర్డు మీది రక్షణ డయోడు షార్టై మొత్తం సరఫరాను కిందికి లాగుతోందని అనుమానించాలి. అలా కాకపోతే బోర్డు మీద ఉబ్బిన కెపాసిటర్లను, 3 వోల్టులుండవలసిన బిళ్ల బ్యాటరీని చూడాలి.

ఇవన్నీ సరిగా ఉండి కూడా కదలని పెట్టె ఒకటి ఉంది; అభ్యాసికి దాని కథ తప్పక తెలియాలి. 2013లో వచ్చిన ఇంటెల్ ఆటమ్ సీ2000 ప్రాసెసర్లలో, బోర్డు భాగాలకు లయనిచ్చే ఎల్‌పీసీ క్లాక్ సంకేతం కొంతకాలానికి ఆగిపోవచ్చని 2017 జనవరిలో ఇంటెల్ తన దోషాల పత్రంలో వెల్లడించింది. సినాలజీ డీఎస్ 415 ప్లస్, 1515 ప్లస్, 1815 ప్లస్ నాస్‌లలో ఉన్నది ఈ వర్గపు ప్రాసెసరే. ఇక్కడ కరెంటు నిండుగా ఉన్నా క్లాక్ లేక ప్రాసెసర్ మొదటి ఆజ్ఞను కూడా చదవలేదు, చూపరికి మాత్రం అది సరఫరా లోపంలా కనిపిస్తుంది. ఆ క్లాక్ తీగకూ 3.3 వోల్టుల సరఫరాకూ మధ్య సుమారు 100 ఓమ్‌ల రెసిస్టర్‌ను టంకం వేసి, బలహీనపడిన సంకేతాన్ని పైకి లేపి అనేకమంది ఇలాంటి పెట్టెలను మేల్కొలిపారు. లోపం చిప్‌లోనే మిగిలి ఉంటుంది గనుక, ఆ ఊపిరి ఉన్నంతలో ఫైళ్లన్నీ వేరేచోటికి నకలు చేయడమే పని.

రెసిస్టర్ పని చేయకున్నా దారి మూసుకుపోదు. అనేక నాస్‌లు లినక్స్ పద్ధతిలోనే డిస్కులను జత చేస్తాయి గనుక, లినక్స్ నడిచే మామూలు కంప్యూటరుకు ఆ డిస్కులను తగిలించి, ఏమీ రాయనివ్వని చదువు మాత్రపు పద్ధతిలో తెరిచి నకలు తీయవచ్చు. రెండు డిస్కులు ఒకే సమాచారానికి అద్దం పట్టే జత అయితే ఒక్కదానితోనే పని పూర్తవుతుంది. రెండవదాన్ని అప్పటివరకు అసలు తాకకుండా ఉంచాలి.