కాఫీ బండి: స్వనిధి అప్పు, కప్పు లెక్క

నిజామాబాద్, బోధన్ పట్టణాల వీధి వ్యాపారుల కోసం

మన దగ్గర అడుగడుక్కీ చాయ్ బండి ఉంటది. మంచి ఫిల్టర్ కాఫీ మాత్రం వెతుక్కోవాలి. తెల్లారగట్ల బస్టాండులో, రాత్రిళ్లు ఖలీల్‌వాడి ఆసుపత్రుల ముందు కాఫీ అడిగేవాళ్లు దొరుకుతారు. మీరు ఇప్పటికే చాయ్, టిఫిన్ అమ్ముతుంటే, కాఫీ కలుపుకోవడానికి పీఎం స్వనిధి అప్పు పనికొస్తుంది.

అప్పు ఎంత?

2020లో ఈ పథకం మొదలైనప్పుడు మొదటి విడత 10 వేలే. 2025లో పెంచారు. ఇప్పుడు మొదటిసారి 15 వేల వరకు, రెండోసారి 25 వేల వరకు, మూడోసారి 50 వేల వరకు ఇస్తారు. తాకట్టు అక్కర్లేదు. కిస్తీలు టైముకి కడితే 7 శాతం వడ్డీ రాయితీ మీ ఖాతాలోనే పడుతుంది. మొదటిది తీరితేనే రెండోది.

ఆధార్, దానికి లింకైన ఫోన్, బ్యాంకు పాసుబుక్, వెండింగ్ సర్టిఫికెట్ లేదా గుర్తింపు కార్డు పట్టుకుని మున్సిపల్ ఆఫీసులో మెప్మా సిబ్బందిని కలవండి. సర్వేలో పేరు లేకపోతే సిఫారసు లేఖ అడగండి. "అప్పు ఇప్పిస్తా, ముందు వెయ్యి ఇవ్వు" అనేవాళ్లకు పైసా ఇవ్వొద్దు. ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి.

ఒక కప్పు మీద ఎంత మిగులుతుంది?

అప్పు తీసుకునే ముందే ఈ లెక్క వేసుకోండి. కింద ఉన్నవి ఉదాహరణకే, మీ బజారు ధరలు పెట్టుకోండి. పాలు లీటరు 60 అయితే 100 మిల్లీలీటర్లకు 6 రూపాయలు. పొడి కిలో 600 అయితే 5 గ్రాములకు 3. చక్కెర అర్ధ రూపాయి. కప్పు, గ్యాస్ కలిపి రూపాయిన్నర. మొత్తం 11. 15కి అమ్మితే మిగిలేది 4. (బోధన్ నిజాం షుగర్స్ 2015 డిసెంబరులో మూతపడింది. చక్కెర బెల్టులో ఉన్నాం కదా, చక్కెర చౌక అనుకోకండి.)

రోజుకు 80 కప్పులు పోతే 320 రూపాయలు. 15 వేలు ఏడాదిలో తీరాలంటే నెలకు అసలే 1,250. వడ్డీతో కలిపి రోజూ 50 రూపాయలు వేరే డబ్బాలో వేయండి. గల్లాలో కలిపితే ఉండవు.

ఇక ఉద్దెర. పది కప్పులు ఉద్దెర పోయి డబ్బు రాకపోతే మీ సరుకు 110 రూపాయలు పోయినట్టే. అది పూడాలంటే ఇంకో 28 కప్పులు అమ్మాలి! తెలిసినవాళ్లే అడుగుతారు, కాదనడం కష్టమే. ఫోన్‌పే స్కానర్ ఎదురుగా పెడితే కొంచెం తేలిక.

ఏ పొడి కొనాలి?

ప్యాకెట్ మీద చికోరీ శాతం చూడండి. చికోరీ కలిపిన పొడిలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదని రూలు. చికోరీ ఎక్కువైతే రంగు చిక్కగా, ధర తక్కువగా ఉంటది, వాసన మాత్రం పోతుంది. అరకు కాఫీకి 2019లో జీఐ గుర్తింపు వచ్చింది. గిరిజన సహకార సంస్థ ఆ పొడి అమ్ముతుంది. ముందు పావుకిలో తెచ్చి మీ గిరాకీకి నచ్చిందో లేదో చూడండి. రోజుకో పొడి మార్చొద్దు.

డికాక్షన్ కొంచెం కొంచెంగా, పూటకు రెండుసార్లు దింపుకోండి. చాయ్‌లాగా స్టవ్ మీద మరిగిస్తే చేదెక్కుతుంది. పాలు విడిగా కాచి, కప్పులో కలపండి.