చావడి లేని సభ

నూజివీడు సీమలో వేసవి వచ్చినదన్న మామిడి మాటయే మాట. బంగినపల్లి, చిన్నరసము, పెద్దరసము, కలెక్టరు మున్నగు రకములు ఆ తోటలందు తరతరములుగా కాయుచున్నవి. కాయ యెన్నడు కోయవలెను, తోటను గుత్తకు ఇయ్యవలెనా, స్వయముగా మార్కెట్టునకు తోలవలెనా, ఈ యేటి ధర యెట్లుండును అను ప్రశ్నలు పూర్వము రచ్చబండమీదనో, విజయవాడ చెంతగల నున్న గ్రామపు మామిడి మార్కెట్టులోనో ముఖాముఖిగా తేలుచుండెడివి. ఈ బేరమునకు గడువు మిక్కిలి స్వల్పము. ముదిరిన కాయ యెవరికొఱకును ఆగదు.

2020 మార్చి 25వ తేదీనుండి కరోనా వ్యాధి కారణముగా దేశమంతట లాక్‌డౌన్ అమలులోనికి వచ్చినది. ప్రయాణికుల రైళ్లు నిలిచిపోయినవి. అది మామిడి కోతలకు సిద్ధమగు కాలము. సేద్యపు పనులకు ప్రభుత్వము మినహాయింపు నొసగినను, జనులు గుమిగూడుటకు వీలు లేదు. కాయ చెట్టున ముదురుచుండెను. అమ్మువారును కొనువారును ఒకచోట కూర్చుండు దారి మాత్రము మూసికొనిపోయెను. అట్టి సమయమున పాఠశాలలు, కార్యాలయములు, వర్తక సంఘములు ఒక్కొక్కటిగా ఇంటర్నెట్టునే చావడిగా చేసికొనినవి.

మరుసటి యేడు ఈ మామిడి సీమకే సంబంధించిన సంఘటన యొకటి జరిగినది. మన పండ్లను విదేశములకు పంపు వ్యవహారమును ప్రోత్సహించు కేంద్ర ప్రభుత్వ సంస్థకు ‘అపెడా’ యని పేరు. రోగభయముచే ప్రదర్శనలు జరుపుట సాధ్యము కాకపోగా, ఆ సంస్థ 2021 మే నెలలో సియోల్ నగరమందలి భారత రాయబార కార్యాలయముతోను, కొరియాలోని భారతీయ వర్తక మండలితోను కలిసి, ఇక్కడి ఎగుమతిదారులకును అక్కడి దిగుమతిదారులకును ఇంటర్నెట్టు ద్వారా సమావేశము నేర్పాటు చేసెను. ఆ ఋతువులోనే కృష్ణా, చిత్తూరు జిల్లాల రైతులు పండించిన బంగినపల్లి, సువర్ణరేఖ పండ్లు 2.5 టన్నులు దక్షిణ కొరియాకు పయనమైనవి. తిరుపతిలో వేడి ఆవిరి పట్టి, ఈగ పురుగులు లేకుండ చేసిన పిమ్మటనే వానిని పంపిరి. నూజివీడు అప్పటికి కృష్ణా జిల్లాలోనిదే. ఏలూరు జిల్లాలో చేరినది 2022 ఏప్రిల్‌లో.

ఇట్టి సభలో తొలి చిక్కు గడియారముతోనే వచ్చును. కొరియా గడియారము మనకంటె మూడున్నర గంటలు ముందుండును. మనకు ఉదయము 11 గంటలైనప్పుడు సియోలులో మధ్యాహ్నము రెండున్నర. ఆహ్వానమున “11 గంటలకు” అని మాత్రము వ్రాసి, అది ఏ దేశపు కాలమో తెలుపని యెడల ఒక పక్షము వచ్చి కూర్చుండును, రెండవ పక్షము రాదు.

రెండవ చిక్కు మాటల తాకిడి. ఎదురెదురుగా కూర్చున్నప్పుడు ఒకరు మాటాడబోవు సంగతి వారి పెదవుల కదలికను బట్టియే మనకు తెలియును. ఫోనులో ఆ జాడ లేదు. పైగా ధ్వనిని చిన్న చిన్న తునకలుగా చేసి, అంకెల రూపమున పంపి, ఆవల మరల కూర్చుటకు కొంత జాగు కలుగును. ఆ జాగు 150 మిల్లీసెకనులు, అనగా సెకనులో సుమారు ఏడవ వంతు, మించకున్న సంభాషణకు అంతగా అడ్డు రాదని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సమాఖ్య సూచించినది. అంతకు మించినచో ఇరువురు ఒక్కసారి మాట మొదలిడుదురు, ఒక్కసారి ఆగుదురు, “మీరు చెప్పుడు, మీరు చెప్పుడు” అని మరల ఒక్కసారే అందురు.

ఇరువదిమంది రైతులు రాత్రి 8 గంటలకు ఇట్లు ఫోనులలో కూడి, ఒక వర్తకునితో కలెక్టరు కాయల ధర మాటాడుచున్నారనుకొందము. ఒకరి యింట టెలివిజను మ్రోగుచున్నది; మఱియొకరి పెరటిలో కుక్క మొఱుగుచున్నది. వర్తకుడు కిలోకు “పదిహేను” అనెను. కొందఱకు “పదిహేడు” అని వినబడెను. పది టన్నుల కాయ గల రైతునకు ఆ రెండు రూపాయల తేడా 20,000 రూపాయలు! రేపు లారీ వచ్చి కాయ యెత్తిన పిదప జగడమాడి ఏమి లాభము? కావున ఇట్టి సభకు ఒక అధ్యక్షుడు ఉండవలెను. మాటాడనివారందఱు మైకును మూసియుంచవలెను. మాటాడగోరువారు తెరమీది ‘చేయి యెత్తు’ గుర్తును నొక్కగా, అధ్యక్షుడు వరుసగా పేరుపెట్టి పిలువవలెను. పిలువబడినవారు ముందు తమ పేరు చెప్పవలెను. ముఖము కనబడని చోట గొంతును బట్టి మనిషిని పోల్చుట అందఱకు సాధ్యము కాదు. ధర, తేదీ, బరువు వంటి అంకె ఏది పలికినను ఒకరు దానిని వెంటనే అక్షరములలో వ్రాసి అందఱకు చూపవలెను.

వ్రాత సంభాషణమునకు చరిత్ర కలదు. 1973లో అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయమున ‘టాకోమాటిక్’ అను ఏర్పాటు వెలసినది. అందు ఒక్కొక్క గుంపున ఐదుగురు ఒక్కసారి వ్రాయగలిగెడివారు. తెరమీద ఎవరి భాగము వారిది. ఒకరు కొట్టిన అక్షరమును తక్కినవారు అప్పటికప్పుడే చూచెడివారు గావున తప్పు వ్రాసి చెరిపివేసినను దాగెడిది కాదు. 1988లో ఫిన్లాండు దేశమందలి ఔలు నగరమున యార్కో ఓయికరినెన్ ‘ఐ.ఆర్.సి.’ అను మఱియొక పద్ధతిని నిర్మించెను. అందు పంక్తి ముగించి పంపిన తరువాతనే ఇతరులకు కనబడును. ఆ సభను నడుపువాడు కోరినచో దానిని కట్టుదిట్టము చేసి, తాను అనుమతించిన వారే వ్రాయునట్లు చేయగలడు. ఆ అనుమతికి వారు పెట్టిన పేరు ‘వాయిస్’, అనగా గొంతు. గొంతుతో పని లేని సభలో వ్రాయు హక్కునకు గొంతని పేరు పెట్టుట చమత్కారమే!

వ్రాతకు జాగువలన చిక్కు లేదు. ఇరువురు ఒక్కసారి వ్రాసినను రెండును నిలుచును. కాని వేగముగా వ్రాయగలవారి మాటయే పైకి వచ్చును. జీవితమంతయు చిక్కముతో కాయ కోసిన వృద్ధుడు ఫోనులో ఒక వాక్యము కూర్చునంతలో కుఱ్ఱవారు పది వాక్యములు పంపుదురు. ఆ తోటనుగూర్చి అందఱికంటె ఎక్కువ తెలిసినది ఆయనకే కావచ్చును. అధ్యక్షుడు గ్రహింపవలసిన విషయము ముఖ్యముగా ఇది. “తాతగారు చెప్పువఱకు ఎవరును వ్రాయరాదు” అని ఆపి, ఆయనను నోటితో చెప్పుమని, వేఱొకరిచే వ్రాయింపవలెను.

పైన చెప్పిన రైతుల సభ ముగియుచున్నది. చెప్పిన ధర, కోత తేదీ, లారీ వచ్చు వేళ, రవాణా ఖర్చు ఎవరిదను విషయము నాలుగు పంక్తులలో వ్రాసి అధ్యక్షుడు గుంపునకు పంపెను. ఒక్కొక్కరు “సమ్మతము” అని బదులు వ్రాసిరి. పందొమ్మిది బదుళ్లు వచ్చినవి. ఇరువదవ వారి ఫోనులో సిగ్నలు లేదు. అధ్యక్షుడు టార్చిలైటు చేతబట్టి ఆ తోటకు బయలుదేరెను.