యుద్ధకాలపు రేడియో గ్రాహకము

గార్లలో మా గది బల్లపై నల్లరంగు లోహపుపెట్టె యొకటి గలదు. విద్యార్థులలో ననేకులు దీనిని జూచి కుట్టుయంత్రపు డబ్బా యనుకొనిరి. తల్లిదండ్రులలో నొకరు కరెంటు మీటరా యని యడిగిరి. ఇది 1939–45 నాటి మహాయుద్ధములో బ్రిటిషు వైమానిక దళమువారి బాంబరు విమానములలో నుపయోగించిన ఆర్ 1155 అను రేడియో గ్రాహకము. లాంకాస్టరు విమానములలో నిదియే యుండెను. మార్కోనీ కంపెనీవారు రూపొందించిన యీ యంత్రమున 10 వాల్వులు గలవు. వార్తలు వినుటకే గాక, విమానము ఏ దిక్కున నున్నదో కనుగొనుటకును ఇది యుపకరించెడిది. యుద్ధానంతరము ఇట్టివి మిగులు సామగ్రిగా చౌకగా నమ్ముడుపోయినవి. మాకు లభించినది సికిందరాబాదున పాతసామాను దుకాణములో, తూకపు ధరకు.

దీని శ్రుతిఫలకముపై అయిదు భాగములు గలవు: 18.5 నుండి 7.5 మెగాసైకిళ్లు, 7.5 నుండి 3 వరకు, పిమ్మట 1500 నుండి 600 కిలోసైకిళ్లు, 500 నుండి 200, 200 నుండి 75. మెగాసైకిలును నేటి పుస్తకములు మెగాహెర్ట్జు అనుచున్నవి. 300ను మెగాసైకిళ్లచే భాగించిన తరంగదైర్ఘ్యము మీటర్లలో వచ్చును. హైదరాబాదు దక్కను రేడియో 411 మీటర్లపై ప్రసారము చేసెడిది. అనగా 730 కిలోసైకిళ్లు. మూడవ భాగమున చూడుడు.

ఇక మరమ్మతు విషయము. దీనికి తనదైన విద్యుత్సరఫరా లేదు. వాల్వుల వేడిమికి 6.3 వోల్టులు, పనికి సుమారు 220 వోల్టులు బయటినుండి యీయవలెను. మేము మొదట గొప్ప పొరపాటు చేసితిమి. సాధారణ రేడియోలవలె నధిక వోల్టేజి ఋణధ్రువమును లోహపు చట్రమునకు గలిపితిమి. ఈ యంత్రమున నట్లు చేయరాదు. ఋణధ్రువము చట్రముకంటె సుమారు 30 వోల్టులు తక్కువగా నుండవలెను. వాల్వుల గ్రిడ్లకు వలసిన బయసు దానినుండియే లభించును. ఈ సంగతి తెలియక రెండు వారములు వాల్వులనే నిందించితిమి.

పాత కాగితపు కండెన్సర్లను మార్చవలెనా వద్దా యని చాల తర్కించితిమి. సేకరణప్రియులు లోపలి ప్రతి భాగమును యథాతథముగా నుంచుమందురు. కాని చెడిన కండెన్సరు తక్కిన భాగములను కాల్చివేయును. బల్లచుట్టు బాలురు మూగుచుండగా మాకు యథాతథము ముఖ్యము గాలేదు. మార్చితిమి. తీసిన ముక్కలకు చీటీలు కట్టి డబ్బాలో దాచితిమి. కరెంటు ఆపిన పిదపను పెద్ద కండెన్సర్లలో విద్యుత్తు నిలిచియుండును. నిరోధకముద్వారా దానిని ఖాళీచేయక యెవరును చేయి పెట్టరాదు. ఇది మా గదిలో మొదటి శాసనము.

ఏరియలుగా ఇంటికప్పు నుండి వేపచెట్టు వరకు 20 మీటర్ల రాగితీగ కట్టితిమి. ఉరుము వినబడగనే దానిని విడదీయుదుము. నేడు పెద్ద శత్రువు పిడుగు గాదు; ఎల్‌ఇడి దీపములు, సెల్‌ఫోను చార్జర్లు పుట్టించు రొద. ఇంటిలోని వన్నియు ఆర్పినగాని చక్కగా వినరాదు.

విద్యార్థులు మిక్కిలి ఆసక్తితో వెదకునది 42.34 మీటర్ల చోటు. 1942 ఆగస్టులో క్విట్ ఇండియా ఉద్యమము ప్రారంభమైన పిదప, బొంబాయిలో ఇరువదిరెండేండ్ల ఉషా మెహతాయు ఆమె సహచరులును రహస్యముగా కాంగ్రెసు రేడియో నడిపినది దానిపైననే. పోలీసులు కనుగొనకుండ స్థలములు మార్చుచు నడిపిరి; నవంబరు 12న పట్టుబడిరి. లెక్కవేసిన నిది సుమారు 7.08 మెగాసైకిళ్లు. నేడు 7 నుండి 7.2 వరకు లైసెన్సుగల హామ్ రేడియో వారిది. వారి మాట మొదట బాతు కూతవలె నుండును; వాహకతరంగమును తీసివేసి పంపుటయే కారణము. నాడు మోర్సు సంకేతములు వినుటకై పెట్టిన హెటిరోడైను స్విచ్చిని వేసి, ముల్లును వెంట్రుకవాసి త్రిప్పినచో బాతు మనుష్యుడగును.

ఉదయము తెలుగు జిల్లాల మాటలు వినవచ్చును. ప్రొద్దు గ్రుంకిన పిదప, తరంగములను పీల్చు క్రింది పొర ఆకాశమున కరగిపోగా, దూరదేశములు పలుకును. మొన్న పదవ తరగతి బాలుడొకడు ఆ చోటనే ముల్లును నిలిపి, ఎవరో తెలుగున వాన కురిసినదా యని యడుగుచుండగా విని, జవాబు చెప్పబోయి, ఇది వినుటకే గాని పలుకుటకు గాదని జ్ఞప్తికి వచ్చి నవ్వెను. లైసెన్సు పరీక్షకు ఏమి చదువవలెనో మరునాడే మమ్మడిగెను.