రాజీపడిన కేసు... వీసా ఫారంలో రాయాలా?

ప్రశ్న: కాలేజీ రోజుల్లో చిన్న కొట్లాటలో అరెస్టయ్యాను. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరి కేసు ముగిసింది. అమెరికా టూరిస్టు వీసా దరఖాస్తులో ఆ సంగతి రాయాలా?
– ఓ పాఠకుడు, వరంగల్

జవాబు: తప్పకుండా రాయండి. వీసా దరఖాస్తు ఫారం డీఎస్-160 శిక్ష గురించే కాదు, ఎప్పుడైనా అరెస్టయ్యారా అనీ అడుగుతుంది. కేసు ముగిసినా జవాబు ‘అవును’ అనే.

శిక్ష లేకుండా ముగిసిన చిన్న గొడవ దానంతటదే వీసాకు అడ్డు కాకపోవచ్చు. దాన్ని దాచడమే అసలు ప్రమాదం. కావాలనే అబద్ధం చెప్పారని తేలితే అమెరికా వలస చట్టం కింద శాశ్వత అనర్హత పడొచ్చు. ‘లేదు అని పెట్టేయండి, ఎవరు చూస్తారు?’ అని ఏజెంటు చెప్పినా వినకండి. ఫారంలోని ప్రతి మాటకూ బాధ్యత మీదే.

ఎఫ్ఐఆర్, లోక్ అదాలత్ అవార్డు సర్టిఫైడ్ కాపీలు కోర్టు నుంచి తీసుకోండి. తెలుగులో ఉంటే ఇంగ్లిష్ అనువాదంతో ఇంటర్వ్యూకు తీసుకెళ్లండి. అడిగితే జరిగింది క్లుప్తంగా చెప్పండి.

డ్రగ్స్, మోసం, దొంగతనం కేసులున్నా, విచారణ ఇంకా నడుస్తున్నా, పాత దరఖాస్తులో ఈ సంగతి దాచినా ఫారం పంపకముందే అమెరికా ఇమ్మిగ్రేషన్ లాయర్‌ను సంప్రదించండి.