పచ్చి చేప వంటకములు – ఇంటిలో పాటింపవలసిన జాగ్రత్తలు

హైదరాబాదు నగరమునకు పడమట మాధాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్ ఒకప్పుడు చిన్న గ్రామములు. 1998లో సైబర్ టవర్స్ భవనము వెలసిన నాటినుండి అక్కడి రాతి గుట్టలు, మెట్ట చేలు క్రమముగా కార్యాలయములుగను, ఎత్తైన మేడలుగను మారిపోయినవి. ఆ కార్యాలయములలో పనిచేయువారిలో మన పల్లెల బిడ్డలు చాలమంది కలరు. వారిలో కొందరు ఉద్యోగరీత్యా పరదేశములు తిరిగివచ్చి, అక్కడి తిండి అలవాట్లను కూడ వెంట తెచ్చుకొన్నారు. జపాను వారి సషిమీ, సుషీ అట్టివే. సషిమీ యనగా పచ్చి చేపను పలుచని ముక్కలుగా కోసి నంజుకొని తినుట. సుషీ యనగా వెనిగరు కలిపిన అన్నముతో చేపను గాని, మరియొక దానిని గాని చేర్చి తినుట. హోటళ్లలో తిని రుచి మరిగినవారు ఇప్పుడు ఇంటిలోనే చేసికొనుటకు పూనుకొనుచున్నారు.

పైరుల సంగతులు వ్రాయవలసిన చోట ఈ ప్రస్తావన ఏల యని మీరు అడుగవచ్చును. నగరము చుట్టుపట్ల రైతులు చెరువులలోను, పొలపు కుంటలలోను పెంచిన చేపలను నేరుగా ఈ మేడల వాకిళ్లకు తీసికొనిపోయి అమ్ముకొనుట లాభసాటి పని. అక్కడ కొనువారు, "దీనిని పచ్చిగా తినవచ్చునా?" అని అడిగినపుడు, "తొట్టిలో బ్రతికియున్న చేప! ఇంతకంటె తాజాది ఎక్కడ దొరకును? ఎట్లైనను తినవచ్చును" అని చెప్పుట సహజము. పండుగకు ఇంటికి వచ్చిన కుమారుడో, కుమార్తెయో ఊరి చెరువు చేపతోనే ఈ ప్రయత్నము చేయవచ్చును. చెరువు చేపను పచ్చిగా తినరాదు. అది ఎంత తాజాదైనను సరే, తినరాదు.

తాజాదనము వేరు, క్షేమము వేరు

చెరువు శిఖమున మేసిన గొఱ్ఱెలకు, గేదెలకు వచ్చు జలగ వ్యాధి మీరు ఎరిగినదే. పశువు పేడలోని గ్రుడ్లు నీటిలో పడి, పిల్లలై, నత్తలో ప్రవేశించి, అక్కడ పెరిగి, మరల వెలుపలికి వచ్చి గడ్డిని అంటుకొనును. ఆ గడ్డిని మేసిన పశువు కార్జములో జలగలు చేరును. మనుష్యుని కార్జమునకు పట్టు జలగలు కూడ కలవు. వాని నడక ఇంచుమించుగా ఇట్టిదే; గడ్డికి బదులుగా అవి మంచినీటి చేపను ఆశ్రయించును. నత్తనుండి వెలువడిన పిల్ల పురుగు చేప కండలోనికి దూరి, కంటికి కనబడనంత చిన్న తిత్తిగా ముడుచుకొని కూర్చుండును. చేపకు దానివలన కలుగు బాధ పెద్దగా ఉండదు. అది చురుకుగా ఈదును, మొప్పలు ఎఱ్ఱగానే ఉండును, కన్ను మెరయుచునే ఉండును. కొనువారు తాజాదనమునకు చూచు గుర్తులన్నియు దానియందు ఉండును. ఇంకొక మాట. చేప ఎంత తాజాదైన, పురుగు కూడ అంత తాజాగా, ప్రాణముతో ఉండును.

థాయిలాండు ఈశాన్య భాగమున చెరువు చేపలను పచ్చిగా దంచి, నిమ్మరసము, కారము కలిపి తిను అలవాటు తరతరములుగా ఉన్నది. ఈ కార్జపు జలగలు ఏండ్ల తరబడి పైత్య నాళములలో నివసించుటచే అక్కడ ఆ నాళముల క్యాన్సరు ఎక్కువగా కనబడుచున్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన విభాగము 1994లోనే ఆ జలగను క్యాన్సరు కారకముగా నిర్ణయించినది. నిమ్మరసము పడగానే చేప కండ తెల్లబడి ఉడికినట్లు అగపడును గాని, లోపలి పురుగు చావదు. వెనిగరు, ఉప్పు, కారము, జపాను వారు నంజుకొను ఘాటైన వసాబి ముద్ద, ప్రక్కన త్రాగు సారా, ఇవి ఏవియు ఈ పనికి చాలవు. మనవారు చేపను చింతపండు పులుసులో బాగుగ మరగించి తినుట రుచికొరకే అనుకొందుము గాని, ఆరోగ్యమునకు అంతకంటె మంచి రక్ష లేదు.

కొర్రమీను విషయము ప్రత్యేకముగా చెప్పవలసి యున్నది. తెలంగాణ రాష్ట్రపు చేపగా పేరు పొందిన ఈ చేప, మొప్పలతోనే గాక పై గాలిని కూడ పీల్చి బ్రతుకగలదు. అందుచే బజారునకు ప్రాణముతోనే వచ్చును. అయితే ఇది చిన్న చేపలను, కప్పలను తిను జాతి. కుక్కల, పిల్లుల కడుపులో పెరుగు ఒక ముండ్ల తల పురుగు చిన్న నీటి ప్రాణుల ద్వారా ఇట్టి చేపల కండలోనికి చేరును. పచ్చి కండతో అది మనుష్యుని లోనికి పోయిన ఎడల, పెరుగుటకు తగిన చోటు దొరకక చర్మము క్రింద, ఒక్కొక్కప్పుడు కంటిలోనికి, మెదడులోనికి సంచరించును. మన దేశమునందును ఇట్టి పురుగును రోగి కంటినుండి తీసిన సందర్భములు వైద్య పత్రికలకెక్కినవి. మృగశిర కార్తెనాడు హైదరాబాదులో ఉబ్బసమునకు కొర్రమీను పిల్లను మందుతో మింగించు ఆచారము కలదు గదా యని కొందరు అనవచ్చును. ఆ మందు గుణమును నేను ఇచ్చట విచారింపబోను. ఏడాదికొక దినము జరుగు ఆ ఆచారమును చూపి, ఇంటిలో కొర్రమీను కండను పచ్చిగా వడ్డించుట తగదని మాత్రము చెప్పుచున్నాను.

పురుగులు లేకున్నను సూక్ష్మజీవులు ఉండవచ్చును. సింగపూరులో 2015వ సంవత్సరమున వందకు పైగా జనులు ఒకే రకపు స్ట్రెప్టోకాకస్ సూక్ష్మజీవివలన జబ్బుపడిరి. రక్తము విషమగుట, మెదడు పొరల వాపు, కీళ్ల వాపు కనబడినవి. అంతకుముందు ఆరోగ్యముగా ఉన్నవారికి కూడ ఇది సోకినది. అధికారులు విచారింపగా, గంజితో పాటు పచ్చిగా నంజుకొనిన మంచినీటి చేపలు కారణమని తేలినది. ఆ చేపలు ఏవి? ఒకటి కార్పు జాతికి చెందిన బిగ్‌హెడ్. రెండవది కొర్రమీను జాతి చేప. మన చెరువులలో పెరుగు బొచ్చె, రవ్వలు కూడ కార్పు జాతివే. ఆ ఏడు డిసెంబరులో సింగపూరు ప్రభుత్వము దుకాణములలో మంచినీటి చేపను పచ్చిగా వడ్డించుటనే నిషేధించినది. చెరువులో పశువుల పేడయు, కోళ్ల ఎరువును వేసి చేపలను పెంచు మనము ఈ సంగతిని తేలికగా తీసికొనరాదు. నగరపు చెరువులలోనికి కాలనీల మురుగు చేరుట అందరును చూచుచున్నదే.

మరి హోటలులో వడ్డించు చేప ఏది?

అది సాధారణముగా సముద్రపు చేప. చాల చోట్ల పరదేశమునుండి గడ్డకట్టించియో, మంచులో పెట్టియో తెచ్చిన సాల్మన్, ట్యూనా. సాల్మన్ కథ చేపల రైతులు తెలిసికొనదగినది. జపానువారు వెనుకటి కాలమున తమ సముద్రపు సాల్మన్‌ను పచ్చిగా తినెడివారు కారు. అందు పురుగులుండునని ఎరిగి ఉప్పువేసియో, కాల్చియో తినెడివారు. 1980ల నడుమ నార్వే దేశములో పెంపకపు సాల్మన్ విరివిగా పండి, అమ్మకమునకు కొత్త చోటు వెదకవలసి వచ్చినది. వలల పంజరములలో గుళికల మేతతో పెంచిన తమ చేపకు ఆ పురుగుల బెడద లేదని జపానువారిని ఒప్పించుటకు నార్వే వారికి చాల ఏండ్లు పట్టినది. ఇప్పుడు సుషీ యనగానే మొదట తలచుకొనునది సాల్మనే. ఇక్కడ పని చేసినది మేత. పురుగు ఉన్న చిన్న ప్రాణులను తినని చేపకు ఆ పురుగు పట్టు దారి మూసుకొనిపోవును. మన మట్టి చెరువులో నత్తయు, కప్పయు, పిల్ల చేపయు ఉండనే ఉండును గనుక, గుళికలు వేసినంత మాత్రమున మన చేప ఆ కోవలోనికి రాదు.

బజారులో "ఇండియన్ సాల్మన్" అను పేరుతో అమ్మునది, బొంబాయి వైపు రావస్ అనునది, సాల్మన్ జాతియే కాదు. పేరు చూచి మోసపోకుడు. "సుషీ గ్రేడు" అను చీటీని కూడ గ్రుడ్డిగా నమ్మరాదు. అమెరికాలోనే ఆ మాటకు చట్టపు నిర్వచనము లేదు. అమ్మువారు పెట్టుకొన్న పేరది. చీటీకి బదులు రెండు ప్రశ్నలు అడుగుడు: ఈ చేపను ఎంత చలిలో, ఎన్ని దినములు గడ్డకట్టించి ఉంచినారు? పచ్చిగా తినుటకే దీనిని అమ్ముచున్నారా? సరియైన జవాబు రాని చోట కొన్న చేపను వండుకొని తినుడు.

గడ్డకట్టించుట

సముద్రపు చేపలలో అనిసాకిస్ అను దారము వంటి పురుగు ఉండును. పచ్చి చేపతో కడుపులోనికి పోయిన కొన్ని గంటలలో ఇది జీర్ణాశయపు గోడను కరచి భరింపరాని నొప్పి కలిగించును. దీనిని చంపుటకు వేడి గాని, గట్టి చలి గాని కావలెను. అమెరికా ఆహార శాఖ సూచన ప్రకారము చేపను సున్నకు దిగువ 20 డిగ్రీల సెంటీగ్రేడులో 7 దినములు ఉంచవలెను. లేదా సున్నకు దిగువ 35 డిగ్రీలలో గట్టిపడువరకు ఉంచి, అదే చలిలో మరి 15 గంటలు ఉంచవలెను.

మన ఇండ్లలోని ఫ్రిజ్ పై అర సున్నకు దిగువ 18 డిగ్రీలకు చేరుటయే గొప్ప. మాటిమాటికి తలుపు తీయుట, వేసవిలో కరెంటు పోవుట వలన అదియును నిలువదు. కాబట్టి ఇంటి ఫ్రిజ్‌ను ఈ పనికి నమ్మరాదని నా అభిప్రాయము. విడిగా డీప్ ఫ్రీజర్ ఉన్నవారు అందులో ఒక థర్మామీటరు పెట్టి, 20 డిగ్రీల చలి ఏడు దినములును తప్పలేదని చూచుకొనవలెను. ఇంతకును గడ్డకట్టించుట పురుగులనే చంపును. సూక్ష్మజీవులు నిద్రించును గాని చావవు, కరగగానే మరల లేచును. చెరువు చేపను గడ్డకట్టించి పచ్చిగా తినవచ్చునా యను ప్రశ్నకు ఇందువలననే కాదని చెప్పవలసి వచ్చుచున్నది.

ఇంటిలో చేయు విధము

తగిన చేప దొరికినదనుకొందము. దుకాణమునుండి మంచు గడ్డల మధ్య తేవలెను. గచ్చిబౌలి రద్దీలో గంటసేపు బండిపై సంచిలో ఊగులాడిన చేప పచ్చిగా తినుటకు పనికిరాదు. ట్యూనా, కానాగంత వంటి చేపలు వెచ్చబడిన ఎడల వానియందు హిస్టమిన్ అను పదార్థము పుట్టును. అది ముఖము ఎఱ్ఱబారుట, దద్దురులు, తలనొప్పి కలిగించును. తరువాత వండినను, గడ్డకట్టించినను అది పోదు. గడ్డకట్టిన చేపను ఫ్రిజ్ క్రింది అరలో, 4 డిగ్రీలకు మించని చలిలో కరగనీయవలెను, గట్టుమీద పెట్టరాదు. గాలి తీసిన సంచిలో ఉన్నచో ముందుగా సంచిని కోసి తెరువవలెను. చేతులు సబ్బుతో కడిగి, కత్తి, పలక ఈ పనికే ప్రత్యేకించి, కోడి మాంసము కోసిన పలకను దగ్గరకు రానీయక, కోసిన వెంటనే తినవలెను. మిగిలినదానిని మరునాటికి ఉంచుకొనక వేపుడు చేసికొనుడు.

అన్నము సంగతి కూడ ఉన్నది. జపాను బియ్యము పొట్టి గింజ. అమైలోజు తక్కువ గనుక అతుకుకొనును. బాపట్లనుండి 1986లో విడుదలైన మన సాంబ మసూరి, బి.పి.టి. 5204, పొడిపొడిగా ఉండుటకే పేరు పొందినది. దానితో ఉండ నిలువదు. సుషీ అన్నమున కలుపు వెనిగరు రుచికి మాత్రమే కాదు; ఆ పులుపు వలన అన్నములో సూక్ష్మజీవులు పెరుగవు. వెనిగరు తగ్గించి, వండిన అన్నమును గంటల తరబడి వెచ్చగా ఉంచుట, చేప మంచిదైనను, జబ్బు తెచ్చును. పైన పూయు మయోనైజ్ పచ్చి గుడ్డుతో చేసినది కారాదు. 2024 అక్టోబరులో హైదరాబాదులో మోమోలు తిని పలువురు జబ్బుపడి, ఒకరు మరణించిన పిమ్మట, తెలంగాణ ప్రభుత్వము పచ్చి గుడ్డు మయోనైజ్‌ను ఏడాదిపాటు నిషేధించిన సంగతి మీకు తెలియును.

గర్భిణులు, చిన్న పిల్లలు, వృద్ధులు, మధుమేహము గాని, కార్జపు జబ్బు గాని ఉన్నవారు, క్యాన్సరు చికిత్స పొందుచున్నవారు ఎంత జాగ్రత్తగా చేసినను పచ్చి చేపను ముట్టరాదు. వారికి అదే అన్నపు చుట్టను ఉడికిన రొయ్యతోనో, లోపల 63 డిగ్రీల వేడి తగులునట్లు కాల్చిన రవ్వ ముక్కతోనో చేసి పెట్టవచ్చును. పిల్లలు దానినే ఎక్కువ ఇష్టపడుదురని నా ఊహ.

ఇక అమ్ముకొను రైతులకు: చేపను పట్టిన వెంటనే కడుపు తీసి, మంచి నీట కడిగి, చేప ఎంత బరువో మంచు అంత బరువు వేసి పంపుడు. పచ్చిగా తినవచ్చునా యని ఎవరైన అడిగినచో, "ఇది చెరువు చేప, పులుసుకు, వేపుడుకు పెట్టింది పేరు, పచ్చిగా మాత్రము వద్దు" అని మొగమాటము లేక చెప్పుడు. సంచిపై ఒక కాగితము అంటించుట ఇంకను మేలు. ఆ మాటవలన ఒక బేరము పోవచ్చును గాని, చేప తిని ఒక ఇంటివారు ఆసుపత్రి పాలైన ఎడల ఆ మేడలో ఏ రైతు చేపయు అమ్ముడుపోదు.

పచ్చి చేప తిన్న గంటలలోగాని, దినములలోగాని తీవ్రమైన కడుపు నొప్పి, వాంతులు, జ్వరము, దద్దురులు, చోటు మారుచున్న వాపు కనబడినచో సొంత వైద్యము చేసికొనక డాక్టరు వద్దకు పోవలెను. ఏ చేప, ఎప్పుడు, పచ్చిగా తిన్నారో తప్పక చెప్పవలెను. వారాల తరువాత వచ్చిన వాపైనను ఈ మాట చెప్పుట మరువకుడు. మన ప్రాంతమున పచ్చి చేప తినుట అరుదు గనుక, మీరు చెప్పనిదే డాక్టరుకు ఆ ఊహ తట్టకపోవచ్చును.