రికార్డు చేశారు సరే, రేపు దొరుకుతుందా?

మిర్చి సీజన్లో గుంటూరు యార్డుకు వెళ్లి ఎవరి మాటలైనా ఫోన్లో రికార్డు చేసి, ఇంటికొచ్చి విని చూడండి. సగం దగ్గులే. మిగతా సగం హమాలీల కేకలు, లారీ హారన్లు, పక్కన ఇంకెవరిదో ఫోను. ఆ గోలలో రైతు చెప్పిన ధర పదమూడు వేలా, పదహారు వేలా అన్నది ఎంత చెవి ఒగ్గినా తేలదు. మిమ్మల్ని పనిలో పెట్టుకున్నవాళ్లకు కావాల్సింది మాత్రం ఆ ఒక్క అంకే.

వాయిస్ రికార్డింగుకు ఉద్యోగాలేమిటి అని నవ్వేవాళ్లుంటారు. నిజమే, ఆ పేరుతో ఏ నోటిఫికేషనూ రాదు. కానీ పాత గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప ఊళ్లలో డిగ్రీ చదివినవాళ్లకూ, వ్యవసాయ పాలిటెక్నిక్ డిప్లొమా చేసినవాళ్లకూ దొరికే పనులు ఒకసారి లెక్కేయండి. పేపర్లకు మండల కంట్రిబ్యూటరు. పత్తి ప్రాజెక్టుల్లో రైతులను చూసుకునే ఫీల్డ్ ఫెసిలిటేటరు. ఎవరు ఏ మందు ఎప్పుడు కొట్టారో రాసుకొచ్చే మిర్చి ఎగుమతి కంపెనీ ఫీల్డ్ స్టాఫ్. యూనివర్సిటీ పరిశోధన ప్రాజెక్టుల్లో ఫీల్డ్ ఇన్వెస్టిగేటరు. గుంటూరు కేంద్రంగా నడిచే రైతు సాధికార సంస్థ ప్రకృతి వ్యవసాయ కార్యక్రమంలో ఊళ్లు తిరిగేవాళ్లు. పేర్లు వేరు, పని ఒకటే. వెళ్లాలి, అడగాలి, విన్నది విన్నట్టు తీసుకురావాలి. రికార్డు బటన్ నొక్కడం అందరికీ వచ్చు. ఆర్నెల్ల తర్వాత ఆఫీసరు అడిగితే ఫలానా రైతు ఫలానా మాట రెండు నిమిషాల్లో తీసి వినిపించగలిగేవాళ్లు తక్కువ. పని నిలబెట్టేది అదే.

ఈ పనికి మన ప్రాంతంలో పాత పేరే ఉంది. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి 1928లో ఒంగోలులో పుట్టారు. అప్పటికి ఒంగోలు గుంటూరు జిల్లాలోనే ఉంది. ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో. ఆయన ఆధ్వర్యంలో తయారైన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ తరఫున వచ్చింది. అందులో ఉన్నవన్నీ వ్యవసాయ పదాలు, ఊరూరా రైతుల నోటి నుంచి విని సేకరించినవి. జేబులో పట్టే రికార్డర్లు ఇంకా అందరికీ అందని రోజులవి. ఏ మాట ఏ ఊళ్లో, ఏ ప్రాంతంలో వాడుకలో ఉందో గుర్తు పెట్టకపోతే ఆ పుస్తకానికి విలువే లేదు. ఇవాళ మీ ఫోన్లోని ఫైలుకూ అదే లెక్క వర్తిస్తుంది.

ఇప్పుడు ఇందులో కొత్త పాయ ఒకటి చేరింది. యంత్రాలకు తెలుగు వినడం, మాట్లాడడం నేర్పే పనులు. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన భాషిణి, ఐఐటీ మద్రాసులోని ఏఐ4భారత్, బెంగళూరు ఐఐఎస్‌సీ వాళ్ల వాణి ప్రాజెక్టు, వీటన్నింటికీ మామూలు జనం మామూలుగా మాట్లాడే మాటలు కావాలి. రికార్డు చేసేవాళ్లు, విని టైపు చేసేవాళ్లు, టైపు చేసింది సరిచూసేవాళ్లు అవసరమవుతారు. ఆశ మరీ పెంచుకోవద్దు. ఇవి ఎక్కువగా కొన్నాళ్లు నడిచి ఆగిపోయే పనులు, చేసినంతకు డబ్బు. చదువుకుంటూ చేయడానికి బాగుంటాయి. ముందు డిపాజిట్ కట్టమని ఎవరైనా అడిగితే మాత్రం మారుమాట లేకుండా ఫోన్ పెట్టేయండి.

ఇక పనిలోకి దిగుదాం. ఫోను మైకు ఎక్కువగా అడుగు అంచున, ఛార్జింగ్ పెట్టే చోటు పక్కనే ఉంటుంది. చొక్కా జేబులో మామూలుగా వేసుకుంటే అది గుడ్డలో కూరుకుపోతుంది, కాబట్టి తలకిందులుగా పెట్టుకోండి. కల్లంలో అయితే గాలికి వీపు పెట్టి నిలబడండి. కాయలు ఆరబోసిన పట్టాల మీద అడుగు పడితే వచ్చే పటపటలు మాటను మింగేస్తాయి, అందుకే కాస్త ఎడంగా, చెట్టు నీడకో ట్రాక్టరు చాటుకో రమ్మనండి. జిన్నింగ్ మిల్లులో యంత్రాలు తిరుగుతుండగా అసలు ప్రయత్నించొద్దు, గేటు బయటికి వచ్చేయాలి. రెండు మూడు వందలకు దొరికే మైకున్న ఇయర్‌ఫోను తీసుకుని, ఆ మైకు ముక్కను రైతు కండువాకో కాలరుకో పిన్నుతో పెడితే చాలు, ఖరీదైన కాలర్ మైకు లేని లోటు చాలావరకు తీరుతుంది. మొదలుపెట్టే ముందు ఫ్లైట్ మోడ్ వేయండి. మంచి మాట మధ్యలో ఫోనొస్తే కొన్ని ఫోన్లలో రికార్డింగ్ అక్కడికక్కడే ఆగిపోతుంది, ఆగిన సంగతి ఇంటికొచ్చాకే తెలుస్తుంది. ఒక నిమిషం ఉత్తుత్తి రికార్డింగ్ చేసి విని, ఆ తర్వాతే అసలు పని మొదలుపెట్టండి.

చాలామంది నేర్చుకోనిది దీని తర్వాతి సంగతి. ఫోను వింటుంది కానీ చూడదు. మీరు మొక్క ఎంత ఎదిగిందని అడిగితే రైతు చేత్తో చూపించి "ఇదిగో, ఇంత" అంటాడు. రికార్డులో మిగిలేది "ఇంత" ఒక్కటే. వెంటనే మీరే పైకి అనాలి, "మోకాలెత్తా బాబాయ్?" అని. ఆయన "ఆఁ, మోకాలికి కాస్త పైన" అంటాడు, ఆ మాట దక్కుతుంది. తల ఊపితే "అవునంటున్నారు కదా?" అని నోటితో అనిపించండి. అంకెల దగ్గర ఇంకా జాగ్రత్త. కౌలు ఎంత అంటే "ముప్పై" అంటారు. ముప్పై వేలని మన ఊరివాళ్లకు తెలుసు, హైదరాబాదులోనో ఢిల్లీలోనో కూర్చుని వినేవాడికి తెలియదు. "ఎకరానికి ముప్పై వేలేనా, సంవత్సరానికా?" అని తిరిగి అడగండి. "పదిహేను టిక్కీలు పంపా" అని మిరప బస్తాల లెక్క చెబితే తేజానా, 334 రకమా, తాలు కాయలు కూడా అందులోనే కలిశాయా, యార్డుకు పంపారా, కోల్డ్ స్టోరేజీలో పెట్టారా అని ఒక్కో ప్రశ్నా వేసి జవాబు వినిపించేలా చేయాలి. పత్తి అయితే తేమ ఎంత వచ్చింది, భారత పత్తి సంస్థ (సీసీఐ) కేంద్రంలో అమ్మారా, బయటివాళ్లకా అన్నవి. పన్నెండు శాతం తేమ దాటితే సీసీఐ కొనదు కాబట్టి ఆ ఒక్క అంకె వెనక పెద్ద కథే ఉంటుంది.

మాట మొదలవగానే మీ గొంతుతో ఒక ముక్క చెప్పి పెట్టండి. "ఈరోజు 2025 ఫిబ్రవరి 14, శుక్రవారం. ప్రత్తిపాడు మండలంలో కల్లం దగ్గర ఉన్నాం. మూడెకరాలు కౌలుకు చేస్తున్న మిరప రైతుతో మాట్లాడుతున్నాం." పది పదిహేను సెకన్ల పని. ఫైలు పేరు పోయినా, ఫోను మారినా ఆ ఫైలు తన గుర్తు తనే చెబుతుంది.

ఫైలు పేరు సంగతి. రికార్డర్ యాప్ తనంతట తాను "వాయిస్ 047" అని పెట్టిన పేరును అలాగే వదిలేసేవాళ్లు నూటికి తొంభై మంది. అదే సాయంత్రం మార్చండి. సంవత్సరం ముందు, తర్వాత నెల, తేదీ, ఊరు, పంట, వరస సంఖ్య. 2025-02-14 ప్రత్తిపాడు మిరప 01. సంవత్సరం ముందుంటే ఫైళ్లు వాటంతట అవే తేదీ వరసలో నిలబడతాయి. ఫైలు పేరులో మనిషి పేరు పెట్టకండి, ఎందుకో కింద చెబుతాను. వాట్సాప్‌లో వచ్చిన వాయిస్ మెసేజ్‌ల పరిస్థితి మరీ అధ్వాన్నం. ఫోన్ లోపల వాటికో ఫోల్డరుంటుంది, అందులో వారానికొక ఉపఫోల్డరు, అందులో పీటీటీ, తేదీ, డబ్ల్యూఏ, ఒక సంఖ్య. పంపిందెవరో ఆ పేరులో ఉండదు. పనికొచ్చేది అనిపించిన మెసేజ్‌ను అప్పటికప్పుడే బయటికి తీసి పేరు పెట్టి దాచుకోవాలి. 2021–22 సీజన్లో నల్ల తామర పురుగు మిరప చేలను ఊడ్చేసినప్పుడు రైతులు ఒకరికొకరు చెప్పుకున్న మాటలు ఎన్ని ఫోన్లలో ఉండి, ఫోన్లు మారుతూ మాయమైపోయాయో ఊహించుకోండి. పరిశోధకుడికి అవి బంగారం.

చోటు సరిపోదన్న భయం అక్కర్లేదు. మామూలు నాణ్యతలో, అంటే 128 కేబీపీఎస్‌లో, నిమిషానికి ఒక ఎంబీ లోపే. గంట మాట 60 ఎంబీకి మించదు. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలో ఇలాంటివి రెండొందల గంటలకు పైగా పడతాయి. వేవ్ ఫార్మాట్ అడిగే సంస్థలుంటే నిమిషానికి ఐదు ఎంబీ చొప్పున లెక్కేసుకోండి. ఎవరికైనా పంపాల్సి వస్తే వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపండి, నాణ్యత చెడదు. ఒక కాపీ ఫోన్లో, ఒకటి డ్రైవ్‌లో, ఒకటి పెన్‌డ్రైవ్‌లో. అసలు ఫైలును ఎప్పుడూ కత్తిరించొద్దు. కత్తిరించాలంటే కాపీ తీసుకుని దాన్ని కత్తిరించండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం కోర్టులో ఇలాంటి రికార్డుకు సర్టిఫికెట్ కూడా కావాలి. రేపెప్పుడో ఆ అవసరం పడితే ముట్టుకోని అసలు ఫైలే మిమ్మల్ని కాపాడుతుంది.

అనుమతి విషయంలో మొహమాటం పనికిరాదు. "బాబాయ్, మీరు చెప్పేది ఫోన్లో రికార్డు చేసుకుంటున్నా, ఫలానా పనికోసం. పేరు బయటికి రాదు. వద్దంటే ఆపేస్తా" అని రికార్డింగు లోపలే అడగండి, ఆయన సరేనన్న మాట కూడా అందులోనే ఉండాలి. మన దగ్గర ఇది ఉత్త మర్యాద వ్యవహారం కాదు. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలు రైతుకు సాగుదారు కార్డు రావాలంటే భూమి యజమాని ఒప్పుకోవాలి. ఆ కార్డు లేకుండా నోటి మాట మీద కౌలు చేస్తున్న రైతు మీకు కౌలెంతో, యజమాని ఏమన్నాడో చెప్పాడనుకోండి. ఆ క్లిప్పు గ్రూపుల్లో తిరిగిందంటే ఆ గొంతెవరిదో ఊళ్లో అందరికీ తెలిసిపోతుంది, వచ్చే ఏడు ఆ చేను ఆయనకు దక్కదు. ఫైలు పేరులో మనిషి పేరు వద్దన్నది అందుకే. పేర్లు, ఫోను నంబర్లు వేరే నోటుబుక్కులో సంఖ్యలతో జోడించి రాసుకోండి. వ్యక్తుల డేటా రక్షణకు 2023లో చట్టం కూడా వచ్చింది. ప్రాజెక్టులు నడిపే సంస్థలు అనుమతి పద్ధతి గురించి అడిగే అవకాశం ఎక్కువ, జవాబు సిద్ధంగా ఉంచుకోండి. ఫోన్ కాల్స్ రికార్డు చేసే యాప్‌ల జోలికి వెళ్లొద్దు. వాటిని 2022లోనే గూగుల్ చాలావరకు కట్టడి చేసింది. కాల్ అయిపోగానే విన్నది మీ గొంతుతో రెండు నిమిషాలు చెప్పి దాచుకోండి, అది సరిపోతుంది.

రాత పని అసలు పరీక్ష. గంట రికార్డింగును పూర్తిగా రాయడానికి నాలుగైదు గంటలు పడుతుంది. తెలుగు వాయిస్ టైపింగ్ ఇప్పుడు బాగానే ఉంది కానీ మిరప రకాల పేర్లు, పురుగుమందుల పేర్లు, ఇద్దరు ఒకేసారి మాట్లాడిన చోట్లు, అంకెలు దానికి కొరుకుడు పడవు. ఏటా కోతలకు కర్నూలు వైపు నుంచి వలస వచ్చే కూలీల మాట దగ్గరైతే యంత్రమే కాదు, మనమూ రెండుసార్లు వినాలి. అర్థం కాని చోట ఊహించి రాయొద్దు. నిమిషం, సెకను వేసి "వినపడలేదు" అని రాయండి. పనిచేయించేవాళ్లకు ఆ నిజాయితీ చాలా ఇష్టం. అన్నీ పూర్తిగా రాయాల్సిన పని కూడా లేదు. చాలా ఉద్యోగాలకు అరపేజీ సారాంశం, ముఖ్యమైన మాటలు ఏ నిమిషంలో ఉన్నాయన్న గుర్తులు సరిపోతాయి. అను ఫాంట్లలో కాకుండా యూనికోడ్‌లో టైపు చేయడం అలవాటు చేసుకోండి. మీ ఫైలులో మాట వెతికితే దొరకాలిగా.

దరఖాస్తు చేసేటప్పుడు వాయిస్ రికార్డింగ్ వచ్చు అని బయోడేటాలో ఒక వాక్యం రాసి ఊరుకోకండి. మీ ఊళ్లోనే ముగ్గురితో మాట్లాడి చూడండి: ఒక మిరప రైతు, పత్తి తీతకు వెళ్లే ఒకావిడ, యార్డులో గుమాస్తాగా చేసే ఒకాయన. ఒక్కొక్కరితో ఇరవై నిమిషాలు. ఫైలు పేర్ల జాబితా, ఒక్కో అరపేజీ సారాంశం, ఒక రికార్డింగుకు పూర్తి రాత, అనుమతి ఎలా తీసుకున్నారో రెండు వాక్యాలు, ఇవన్నీ ఒక ఫోల్డరులో పెట్టి పంపండి. అసలు రికార్డింగులు పంపొద్దు. అడిగితే, మాట్లాడినవాళ్లు ఒప్పుకుంటే ఒక్క నిమిషం క్లిప్పు చాలు. పత్తి తీతలు అక్టోబరు, నవంబరుల్లో, మిరప కోతలు సంక్రాంతికి అటూ ఇటూగా అందుకుంటాయి. ఫీల్డు సంస్థల పని కూడా ఆ రోజుల్లోనే పెరుగుతుంది కాబట్టి ఈ ఫోల్డరు దసరాకల్లా చేతిలో ఉండేలా చూసుకోండి. గుంటూరు లాంలోని పరిశోధన కేంద్రంలోనో, దర్శి కృషి విజ్ఞాన కేంద్రంలోనో ప్రాజెక్టు పనులేమైనా ఉన్నాయా అని అడగడానికి వెళ్లేటప్పుడు దాన్ని ఫోన్లో తెరిచి చూపించేలా పెట్టుకుని వెళ్లండి.