నేల ఆర్కిడ్ గడ్డలు: అడవిలో తవ్వొద్దు, ఎకరాల్లో నాటొద్దు

ఆర్కిడ్ అనగానే చెట్టు కొమ్మను పట్టుకుని పెరిగే మొక్కే గుర్తొస్తుంది. నేలలో గడ్డ పెట్టుకుని బతికే రకాలూ ఉన్నాయి. మన ఆదిలాబాద్ అడవుల్లో కనిపించే యులోఫియా జాతి అటువంటిదే. దీని గడ్డల్ని 'సాలబ్ మిశ్రి' పేరుతో మందు దినుసుగా అమ్ముతుంటారు. "గడ్డలు తెస్తే కొంటాం", "విత్తనపు గడ్డలిస్తాం, ఎకరంలో వేయండి" అని ఎవరైనా వస్తే, ముందు ఈ మొక్క సంగతి తెలుసుకోండి.

పెరిగే తీరు

తొలకరికి కాస్త అటూ ఇటూగా గడ్డ నుంచి పూల కాడ లేస్తుంది. ఆకులు దాని వెంటనో, తర్వాతనో వస్తాయి. వానకాలమంతా ఆకులు తయారుచేసిన ఆహారం గడ్డలో చేరుతుంది. చలికాలానికి ఆకులు ఎండిపోతాయి. మొక్క చచ్చిందనుకోవద్దు. మళ్లీ వానలు పడేదాకా గడ్డ నేలలో నిద్రపోతుంది.

నేల, నీడ, నీరు

ఆకులు మాగిన గుల్ల నేల, పలచని నీడ కావాలి. నీరు నిలిచే రేగడిలో గడ్డ కుళ్లుతుంది. నర్సరీలో పెంచిన గడ్డను ఇంటి దగ్గర కుండీలో పెట్టేవారు చెల్క మట్టి, ఇసుక, మాగిన ఆకుల ఎరువు కలపాలి. ఆకులున్నన్నాళ్లు తడి ఆరనివ్వొద్దు. ఆకులు పండుబారగానే నీరు ఆపేయాలి. పచ్చిపేడ వేయొద్దు.

విత్తనం చల్లితే మొలవదు

ఒక్కో కాయలో వేల గింజలుంటాయి. కానీ అవి దుమ్ములాంటివి. పెసర గింజలో ఉన్నట్టు మొలకకు తిండి వాటిలో ఉండదు. మట్టిలోని ఒక రకం బూజు ఆ తిండి అందించాలి. ఈ సంగతిని ఫ్రాన్సు శాస్త్రవేత్త నోయెల్ బెర్నార్ 1899లో కనిపెట్టాడు. బూజు లేకుండా, చక్కెర కలిపిన ఆహారం మీద మొలిపించే పద్ధతిని అమెరికాలో లూయిస్ నడ్సన్ 1922లో ప్రకటించాడు. అది ల్యాబులో జరిగే పని, పొలంలో అయ్యేది కాదు. కాబట్టి అడవిలో ఒక గడ్డ తవ్వితే ఆ చోట మరో మొక్క రావడానికి ఏళ్లు పడుతుంది.

జాగ్రత్తలు

* కవ్వాల్ 2012లో పులుల అభయారణ్యమైంది. అక్కడ అనుమతి లేకుండా మొక్కలు, గడ్డలు తవ్వితే 1972 వన్యప్రాణి చట్టం కింద కేసవుతుంది. కొనేవాడు తప్పుకుంటాడు, తవ్వినవాడు దొరుకుతాడు.
* గడ్డలు అమ్మజూపితే, ఎక్కడివో బిల్లు అడగండి. పంట ఎవరు, ఏ ధరకు కొంటారో కాగితం మీద రాయించుకోండి. రాయనంటే పైసా ఇవ్వొద్దు.
* అప్పు చేసి నాటే ముందు జమ్మికుంట లేదా ఆదిలాబాద్ కృషి విజ్ఞాన కేంద్రంలో అడగండి.
* మీ గట్టు మీద మొలిస్తే పీకొద్దు, నిప్పు పెట్టొద్దు. దాని మానాన దాన్ని వదిలేయండి.